బూడిద రంగు ట్యూబు

శనివారం పొద్దున ఇంద్రసేన పెట్టుకున్న పని చిన్నదే. కారు ఇంజను పైమూత అంచుల్లోంచి నూనె కారుతోంది. మూత విప్పి, తుడిచి, సీలెంటు రాసి బిగిస్తే రాత్రికల్లా ఆరుతుంది. ఆదివారం పట్నం ఆసుపత్రి నుంచి కూతురు ఉజ్వలనూ, అయిదు రోజుల మనవరాలినీ ఇబ్రహీంపట్నం తెచ్చుకోవచ్చు. వేడి ఇంజను మీద నూనె పడి కారంతా పొగ వాసన వస్తుంటే పసిగుడ్డును అందులో ఎక్కించలేడు. పైగా భార్య పోయి మూడేళ్లయింది. ఆడదిక్కు లేని ఇంట్లో బాలింతకు ఎవరు చేస్తారని వియ్యాలవారు సణుగుతున్నారనే, మంచాల ఊరి నుంచి అక్క రాధమ్మను పిలిపించుకున్నాడు. ఇప్పుడు కారు మొరాయిస్తే వాళ్లకు ఇంకో సాకు దొరికినట్టే.

మెకానిక్ బుగ్గయ్య ఫోను ఎత్తలేదు.

"దీనికి మెకానిక్ ఎందుకండీ, నేను లేనూ?" అన్నారు పక్కింటి సుబ్బరాజు. ఆయనది భీమవరం వైపు. రిటైరయ్యాక ఫోనులో మరమ్మతు వీడియోలు చూడటమే ఆయనకు ఉద్యోగం.

విడిభాగాల దుకాణంలో మూడు రంగుల సీలెంటు ట్యూబులున్నాయి. "వేడికి ఎరుపేనండీ" అన్నారు సుబ్బరాజు. "నూనెకు నల్లదే ఆగుతది సార్" అన్నాడు దుకాణదారు. ఇద్దరిలో ఎవరినీ నొప్పించలేక ఇంద్రసేన బూడిద రంగుది కొన్నాడు.

తొమ్మిదికల్లా మూత ఊడింది. అంచు గాడిలో ఉన్న నల్లటి రబ్బరు తాడును చెత్త అనుకుని సుబ్బరాజు పీకి పారేశారు. ట్యూబు మొత్తం పిండి, పుట్టినరోజు కేకు మీద క్రీములా మూత చుట్టూ పట్టించారు. "ఇక పది నిమిషాల్లో బిగించెయ్యాలండీ."

అంతలో రాధమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఆగురా తమ్మీ! రాహుకాలం షురూ అయింది. పదిన్నర దాంక ఏం బిగించొద్దు."

"అక్కా, గిది ఎండిపోతది."

"ఎండనీ. పసిపిల్ల ఎక్కే బండి."

"సిలికాను జిగురుకి రాహుకాలం ఏమిటండీ!"

"నువ్వు జర ఆగు రాజన్నా. నీ ఫోన్ల అన్నీ ఉంటయా?"

అక్క మాట ఇంద్రసేన ఏనాడూ కాదన్నది లేదు. వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు.

అప్పుడే ఉజ్వల ఫోను చేసింది. అతని చేతులకు మడ్డి అంటి ఉంటే రాధమ్మే ఎత్తింది. "మీ బాపు చేతులంత నల్లగైనయ్ బిడ్డా. బండి ముందటిది ఊడొచ్చింది. అరుగు మీద కూసున్నడు, ఏం మాట్లాడ్తలేడు."

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఉజ్వలకు మాత్రం యాక్సిడెంటు కనిపించింది. అయిదు నిమిషాల్లో వియ్యంకుడు మల్లేశయ్య ఫోను వచ్చింది.

"బావా, ఏ దవాఖానల ఉన్నవ్?"

"ఇంటి ముంగటనే ఉన్న బావా. నాకేం గాలే."

"నువ్వు గట్లనే అంటవ్. బండి ఊడొచ్చిందంట గద! డాక్టరు వీళ్లను ఇయ్యాల్నే ఇంటికి వొమ్మన్నడు, రెండు గంటలకు. నువ్వు ఫికర్ జెయ్యకు. మా బండ్లనే మా ఊరికి, కందుకూరుకు తోల్కపోతం. మూడు నెల్లు మాతాన్నే ఉంటరు."

మల్లేశయ్య ఫోను పెట్టేశాడు. తీగ మీద పొత్తిగుడ్డలు ఆరుతున్నాయి. భార్య నూలు చీరలను ఇంద్రసేనే చింపి ఉతికి ఆరేశాడు. వాటిని చూసి, మడ్డి చేతులతోనే బుగ్గయ్యకు మళ్లీ మళ్లీ ఫోను కలిపాడు.

పదిన్నరకు బుగ్గయ్య బండి ఆగింది. "తొమ్మిది సార్లు ఫోన్ చేసినవ్, ఏమైంది సార్?" అంటూ మూత చేతిలోకి తీసుకున్నాడు. గట్టిపడ్డ సీలెంటును గోటితో లాగితే బత్తాయి తొక్కలా ఒక్క పట్టున ఊడివచ్చింది.

"ఈ బండికి రబ్బరు ప్యాకింగు ఉండాలె. ఏది?"

సుబ్బరాజు చెత్తబుట్ట వైపు చూశారు.

"అది ముసలిదైంది, కొత్తది తెస్త. గీ గమ్ము రెండు మూలలకు చుక్కంత పెడితే సాలు, గంట సేపట్ల ఆరుతది. గింత పూసి పచ్చిగున్నప్పుడే బిగిస్తే లోపలికి పిండుకపోయి నూనె తొవ్వ మూసుకపోయేది. సాగర్ రోడ్డు మీదనే ఇంజను పట్టేసేది. మిమ్ముల ఎవరు ఆపిండ్రో గాని మంచిగ ఆపిండ్రు."

అందరూ రాధమ్మ వైపు చూశారు. "మస్తు చెప్పినవ్, ఇగ బిగియ్యి. రాహుకాలం పోయింది" అందామె.

పన్నెండున్నరకు కారు కదిలింది. ఆసుపత్రి మెట్ల మీద మల్లేశయ్య సంచులతో సిద్ధంగా ఉన్నాడు. ఇంద్రసేన ఒంటి మీద కట్లేమీ లేకుండా నడిచి రావడం చూసి గబగబా దిగివచ్చి భుజాలు తడిమాడు. "బాగనే ఉన్నవ్ గద బావా! పానం పోయినంత పనైంది." ఆ సంతోషంలో కందుకూరు మాట మరిచాడో, మరిచినట్టు ఉన్నాడో, సంచులు తనే తెచ్చి ఇంద్రసేన డిక్కీలో పెట్టాడు. తన కారులో వెనకే వచ్చాడు.

ఇల్లు చేరగానే అందరూ వంగి కారు కింద చూశారు. ఒక్క చుక్క లేదు. ఇంద్రసేన నిండుగా ఊపిరి తీసుకుని, మనవరాలి కోసం చేతులు చాపాడు.

"జర ఆగు బాపూ" అంది ఉజ్వల. "బిడ్డ నా ఒడీ సీటూ తడిపేసింది."

ఆ లీకుకు మాత్రం ఎవరూ సలహా ఇవ్వలేదు.