సిలువ పాటకు చుక్క శ్రుతి

"నా చేత కాదత్తా, ఎన్ని తూర్లు చెప్పల్ల?" అని పుష్పావతి అంటుండగానే పొయ్యి మీద మిరియాల కషాయం పొంగింది. ఆ రోజు శుభశుక్రవారం, ప్రభువు సిలువ మీద ప్రాణం విడిచిన రోజు. మధ్యాహ్నం మూడింటిదాకా అందరికీ ఉపవాసం. కషాయం మాత్రం ఆమె ఒక్కదానికే, గొంతు కోసం.

"నీ చేత కాకపోతే పెట్టె పాడతాది," అన్నది అత్త సువార్తమ్మ బొంగురుగా. ఉరవకొండ చర్చిలో ముప్పై ఏళ్లుగా పాట ఎత్తింది ఆమే. ఈ ఏడు గొంతు పోయింది. ఎత్తడమంటే మొదటి చరణం ఒంటరిగా అందుకోవడం. ఆ తర్వాత సంఘమంతా అదే రాగంలో, అదే స్థాయిలో వెంట నడుస్తుంది. తప్పుగా ఎత్తినా నడుస్తుంది. ఆ సంగతే వారం నుంచి పుష్పావతిని నిద్రపోనివ్వడం లేదు.

పెట్టె అంటే సంఘపెద్ద ఐజాక్ తాడిపత్రి నుంచి తెచ్చిన స్పీకరు. ఫోనులో పాట పెడితే చాలు, అదే పాడుతుంది. ఈసారి పుష్ప సరిగా ఎత్తకపోతే ఇక పెట్టెనే అని అతను అందరి ముందూ అనేశాడు. అదే జరిగితే స్తంభం పక్కన సువార్తమ్మ కూర్చునే చోటు ఇక ఆ ఇంటిది కాదు.

"బాగా పైకెత్తు. వెనకోళ్లకు వినపడల్ల," అన్నాడు భర్త సురేంద్ర.

"నువ్వు ఊరుకోరా. పైకెత్తితే మగోళ్లు యాడ పాడతారు?" అని కొడుకును కసిరి, సువార్తమ్మ కోడలిని దగ్గరికి లాక్కుంది. "ఎవురికీ చెప్పద్దు. సిలువ పాటకు నేను శ్రుతి చుక్క పాట నుంచి తీసుకుంటా. క్రిస్మస్‌కు పాడతామే, అది. మొదటి ముక్క లోపల్లోపల పాడుకో. అది యాడ ఆగుతాదో ఆడ నుంచి సిలువ పాట ఎత్తు. నోరు మాత్రం తెరవద్దు."

"తెరిస్తే?"

"ముప్పై ఏండ్లల్లో నేను తెరవలేదు."

పుష్పావతి కషాయం గ్లాసును ఒక్క గుక్కలో ఖాళీ చేసింది.

పాస్టరు అయ్యగారు ఆ రోజు గుంతకల్లు చర్చిలో ఉన్నారు కాబట్టి ఆరాధన ఐజాకే నడిపాడు. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలు ఒక్కొక్కటే చదవడం, ప్రతి మాటకూ ఒక పాట. పుష్పావతి మొదటి పాటను భయంకొద్దీ ఎంత పైకెత్తిందంటే, రెండో చరణానికే మగవాళ్లు మానుకున్నారు. ఆడవాళ్ల మెడనరాలు తేలాయి. ఐజాక్ పెట్టె వైపు చూశాడు. రెండో పాటను ఆమె దించి ఎత్తింది. అది బావిలోంచి వచ్చినట్టు వచ్చింది. ఐజాక్ లేచి వెళ్లి పెట్టె వైరు ప్లగ్గులో పెట్టాడు.

మూడో మాట చదవడం అయింది. అందరూ ఆమె కోసం ఆగారు. కళ్లు గట్టిగా మూసుకుని లోపల చుక్క పాట మొదలుపెట్టింది. శ్రుతి కుదిరింది. ఊపిరి ఆడింది. హాయిగా ఉందనుకుని కళ్లు తెరిచేసరికి సగం సంఘం లేచి నిలబడి చుక్క పాట పాడుతోంది. ఆమె నోరు తెరిచే ఉంది.

ఆపుదామంటే, ఆపితే తప్పు ఎవరిదో తెలిసిపోతుందని భయం. పాడుతూనే ఉంది. ఈస్టర్‌కు ముందు నలభై రోజుల శ్రమకాలమంతా గుడ్డ చుట్టి పెట్టిన డోలక్‌ను, అది వాయించే తిప్పేష్ ఎప్పుడు విప్పాడో అతనికే తెలియదు, వాయించేస్తున్నాడు. పిల్లలు చప్పట్లందుకున్నారు. ఐజాక్ పరుగున వెళ్లి పెట్టె స్విచ్చి నొక్కాడు. కరెంటు లేదు. మళ్లీ నొక్కాడు.

ఎదురుగా టీ బంకు నారాయణకు ఏటా ఒకటే ఆజ్ఞ. ఏడుపు పాటలు అయిపోయినాకనే మజ్జిగ తేవాలి. ఉత్సాహంగా డోలక్ వినపడగానే అతను బిందెలెత్తించుకుని లోపలికి వచ్చేశాడు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. గ్లాసు చేతికొచ్చాక వద్దన్నవాళ్లెవరూ లేరు. పాట ముగిసేసరికి సంఘం ఉపవాసం కూడా ముగిసింది. అప్పటికి ఒంటిగంటే అయింది. మిగిలిన నాలుగు మాటలనూ జనం చల్లటి కడుపులతో, తలలు వంచుకుని విన్నారు.

సాయంత్రం ఇంటి గేటు చప్పుడైంది. ఐజాక్. పుష్పావతి తలుపు వెనక్కి నక్కింది.

"వదినా, ఆదివారం అయ్యగారు వస్తాండాడు," అన్నాడు అతను కూర్చోకుండానే.

"రానీ."

"ఆయనకు తెలిస్తే..."

"ఏది? పాట సంగతా?"

"మజ్జిగ సంగతి." ఐజాక్ గొంతు తగ్గింది. "నేను రెండు గ్లాసులు తాగినా వదినా. స్విచ్చి కాడ నిలబడి నిలబడి నోరు ఎండిపోయినాది. సంఘమంతా చూసినారు. నువ్వు చెప్తే ఎవురూ నోరు తెరవరు."

సువార్తమ్మ కొడుకునూ కోడలినీ పిలిచింది. ఉన్న గొంతుతోనే, మెల్లగా చెప్పింది.

"ఈస్టర్ పాట పుష్పే ఎత్తుతాది. పెట్టె ఐజాక్ ఇంట్లోనే ఉంటాది. మజ్జిగ మాట ఈ ఇంట్లో గానీ సంఘంలో గానీ ఎవురూ అనరు."

ఐజాక్ తల ఊపాడు. సురేంద్ర కూడా ఊపాడు. తలుపు వెనక నుంచి ఇవతలికి వచ్చిన పుష్పావతి మొదటిసారి నిండుగా ఊపిరి పీల్చుకుంది.

ఈస్టర్ పాటకు శ్రుతి శుభశుక్రవారం సిలువ పాట నుంచి తీసుకోవాలని అత్త ఆమెకు ఇంకా చెప్పలేదు.