కొండంత దండెం

ఆ ఉదయం డ్రాయింగు మాస్టారి పథకం చాలా చిన్నది. కొండ మారథాన్‌లో బామ్మర్ది కంటే ఒక్క అడుగు ముందు రావాలి, ఆపైన నెల రోజులు కంటినిండా నిద్రపోవాలి.

చంటాడు పుట్టినప్పటినుంచి మాస్టారికి నిద్ర కరువైంది. వాడు తడిపిన పొత్తిగుడ్డలు ఉతకడం, దండెం మీద ఆరినవి తీసి నాలుగు మడతలు పెట్టడం ఆయన రాత్రి ఉద్యోగం. అదే ఇంట్లో మకాం పెట్టిన బామ్మర్ది మాత్రం పక్కన పిడుగు పడ్డా లేవడు. అందుకే పందెం: వెనకబడినవాడికి నెల రోజుల రాత్రి డ్యూటీ. పాలివ్వడానికి గంటకోసారి లేచే ఇల్లాలి నిద్ర గురించి పందెంలో ప్రస్తావనే లేదు. ఆవిడ చంటాణ్ణి చంకనేసుకుని వచ్చి, పరుగు మొదలై మళ్ళీ ముగిసేచోట ఓ కుర్చీ వెతుక్కుంది.

"బావా, కళ్ళు తెరిచే పరిగెత్తుతావా?" అన్నాడు బామ్మర్ది.

"నిన్ను ఓడించడానికి ఒక్క కన్ను చాల్లేరా."

"చెట్లకి ఎర్ర రిబ్బన్లు కట్టాం, అవే దారి!" అని మైకులో మొత్తుకున్నాడు నిర్వాహకుడు. "అవి కనబడకపోతే ఆగిపోండి. సొంత తెలివి వాడకండి!"

మాస్టారు వినలేదు. నించునే ఓ కునుకు తీస్తున్నారు.

బామ్మర్ది ఫొటోలు దిగుతూ వెనకబడ్డాడు. మాస్టారు మొదటి మలుపు దాకా మెలకువగానే ఉన్నారు. ఆపైన కాళ్ళు పరుగులో, బుర్ర పక్కమీద. కొమ్మకి ఏదో వేలాడుతూ కనబడింది. చెయ్యి దానంతటదే లేచి ముడి విప్పింది, తడి ఉందేమో చూసింది, నాలుగు మడతలు పెట్టి నడుముసంచిలో కుక్కింది. కాస్త ముందు ఇంకోటి. "ఎన్ని తడిపాడ్రా వెధవ!" అని గొణుక్కుంటూ, దండెం ఎటు పోతే అటు పోయారు మాస్టారు.

వెనక వచ్చినవాళ్ళకి ఉత్త అడవి మిగిలింది. మూడు దారులు కలిసేచోట అందరూ మొహమొహాలు చూసుకున్నారు.

"మా బావ ఎటు పోతాడో నాకు తెలీదా? నా వెంట రండి!" అన్నాడు బామ్మర్ది.

ఆ ధీమా చూసి మందంతా కదిలి, తిన్నగా ఓ కోళ్ళఫారంలో జొరబడింది. కోళ్ళు గోలెత్తాయి. ఫారం యజమాని బయటికొచ్చి చూస్తే బురదలో పొర్లిన జనం, గుండెల మీద నంబర్లు. ఆయన లోపలికెళ్ళి గడియేసుకుని పోలీసులకి ఫోన్ చేశాడు.

"అయ్యా, జైలుకి జైలు పారిపోయి మా ఫారంలో దూరింది!"

ఇక్కడ మాస్టారు ముగింపు గీత దాటారు. బామ్మర్ది జాడ లేదు. ఆనందంతో ఏడ్చినంత పని చేశారు.

"ఇక నా నిద్ర నాదేనే!" అని భార్యతో అంటూ, చెమట తుడుచుకుందామని సంచిలోంచి గుడ్డ లాగారు. ఎర్ర రిబ్బన్ వచ్చింది. దాని వెనక ఇంకోటి, ఆ వెనక ఓ గుప్పెడు. అప్పుడే పోలీసు వ్యాను వచ్చి ఆగింది. అసలు సంగతి తెలుసుకున్న పోలీసులు నంబర్ల జనాన్ని దింపారు. ఆఖర్న బామ్మర్ది, హాయిగా ఆవలిస్తూ దిగాడు.

"గాలికి ఎగిరొచ్చాయండీ," అన్నారు మాస్టారు నిర్వాహకుడితో, మొదటిసారి పూర్తిగా మేలుకుని.

భార్య ఓ రిబ్బన్ అందుకుని చూసింది. "గాలి నాలుగు మడతలు పెట్టదండీ. ఇవి మీ మడతలే."

నిర్వాహకుడు మాస్టారి పరుగు రద్దు చేశాడు. "అయితే నేనే గెలిచా!" అని బామ్మర్ది గంతేశాడు.

"వ్యానులో వచ్చి గెలవడమేంట్రా? నీదీ రద్దే," అంది అక్క.

"మరి డ్యూటీ ఎవరిదే?" అన్నారు మాస్టారు నీరసంగా.

"ఇద్దరూ ఓడారుగా. వీడు ఎత్తుకుంటాడు, మీరు ఉతుకుతారు. పాలు సీసాలో పోసి ఉంచుతా. నన్ను లేపారో, ఊరుకోను."

ఆవిడ చంటాణ్ణి తమ్ముడి చేతుల్లో పెట్టి, పొత్తిగుడ్డల సంచి భర్త భుజానికి తగిలించి, కుర్చీలో వెనక్కి వాలింది. చంటాడు ఏడుపు అందుకున్నాడు.

పందెంలో పేరే లేని విజేత అప్పటికే గురక పెడుతోంది.