పైపుకి భూమి

భూమి ఇచ్చినవాడే మనిషి, ఇవ్వనివాడు దిష్టిబొమ్మ అని గోవిందరావు కవిటి సెంటర్లో మైకు పట్టుకుని సెలవిచ్చాడు. చప్పట్లు మోగాయి. సముద్రం ఒడ్డు పేటకి తారురోడ్డు పడాలంటే ఆయన కొబ్బరితోట అంచున సన్నటి పట్టీ ఒకటి కావాలి. తానెప్పుడో సంతకం పెట్టేశాననీ, ఆఫీసులోనే ఆలస్యమనీ ఆయన అందరికీ చెప్పుకున్నాడు. పేటలోని దాలమ్మ ఆ మాటే నమ్ముకుంది. ఆమె మొగుడు రామూర్తిని డయాలసిస్‌కి పలాస తీసుకెళ్ళాలంటే, ఇసుకలో మంచం మీద మోసుకొచ్చి ఆటో ఎక్కించాలి.

రోడ్డు ప్రారంభోత్సవంలో నిలబడి మాట్లాడే బల్లని మాత్రం గోవిందరావు ఇంటి వెనక షెడ్డులో స్వహస్తాలతో చేసుకుంటున్నాడు. పనసచెక్క. రంపం మిషన్ రేపే పొట్టుని ప్లాస్టిక్ పైపు పీల్చి డ్రమ్ములో పోస్తుంది. చిక్కల్లా ఆ పైపుతోనే. పొట్టు రాసుకుంటూ పోయేసరికి దానికి కరెంటు పుట్టి, మోచెయ్యి తగిలితే చాలు చిటుక్కుమని కొడుతోంది. నాయకుడన్నవాడు ఉలిక్కిపడకూడదు కనుక, ప్రతిసారీ ఏదో పద్యం గుర్తొచ్చినట్టు "ఆహా" అని సర్దుకునేవాడు.

చివరికి ఎలక్ట్రీషియన్ లోకనాథ్‌ని పిలిపించాడు. అతను ఎర్త్ అని నోరు తెరవగానే, ఈ ఇంట్లో అచ్చతెలుగే మాట్లాడాలని గోవిందరావు కసిరి, ఫోనొస్తే బయటికెళ్ళాడు. తిరిగొచ్చేసరికి, రోడ్డు సంగతి అడగడానికి వచ్చిన దాలమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. లోకనాథ్ గోడవారకి చెయ్యి చూపించాడు.

"భూమి ఇయ్యాల మావా. ఇయ్యకపోతే ఈ గొడవ తగ్గదు. ఎక్కువొద్దు, అంచున రవ్వంత సాలు."

గోవిందరావుకి ఒళ్ళు మండింది. ఇద్దరూ కూడబలుక్కుని వచ్చారన్నమాట.

"నానియ్యను. సంతకం పెట్టనని ఆఫీసరికి మొన్ననే సెప్పీసినాను. జానెడు కూడా ఇయ్యను."

లోకనాథ్ చేతిలోని రాగితీగ వైపు చూసుకున్నాడు.

"పైపుకి మావా," అన్నాడు. "ఈ తీగ దానికి సుట్టి, కొస నేల్లో పాతాల. ఎర్తంటే కసిరినావు గదా, తెలుగులో సెప్పినాను."

సరే, పాతమని గోవిందరావు గంభీరంగా అనుమతి ప్రసాదించాడు. పాతాక మిషన్ వేశారు. పొట్టు పోతూనే ఉంది, చిటుకు లేదు. దాలమ్మ ముందుకొచ్చి పైపుని నెమ్మదిగా నిమిరింది.

"నీది భాగ్యమంటే," అని పైపుతో అంది. "బాబు నీకైతే భూమిచ్చినారు."