జానెడు మెరుపు

శనివారం పొద్దున వేయించిన పిండికాడను సోయా పాలలో ముంచుకు తింటూ జియెన్‌గారు ఆనాటి కార్యక్రమం ప్రకటించారు. సాయంత్రానికల్లా మెరుపును జానెడు చేస్తారట. అప్పటికి అది వేలెడే ఉంది. ఆయన భార్య బీహ్వా, అలాగే చేయండి, వీలుంటే మధ్యలో స్నానం కూడా చేయండి అని చెప్పి చేపల మార్కెట్‌కి వెళ్లిపోయింది.

మెరుపంటే ఆకాశంలోది కాదు. తాయ్‌చుంగ్ నగరంలో వాళ్లుండే ఐదంతస్తుల పాత భవనం మీద, రేకుల గదిలో, జియెన్‌గారు సొంతంగా కట్టుకున్న టెస్లా కాయిల్‌ది. మోచేతి పొడవు ప్లాస్టిక్ గొట్టానికి వెంట్రుకలాంటి రాగితీగ వందల చుట్లు చుట్టి, దాని అడుగున లావు తీగతో ఇంకో చుట్ట పెట్టి కరెంటిస్తే, కొన మీంచి ఊదారంగు మెరుపు చిటపటమంటూ గాల్లోకి దూకుతుంది. ఆ చిటపటల వేగం మారిస్తే మెరుపే పాట పాడుతుంది. నమ్మనివాళ్లకు చూపిస్తానని ఆయన ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు. చూస్తామన్నవాళ్లే ఇంతవరకు దొరకలేదు.

ఇంత హడావిడికీ కారణం ఉంది. వచ్చే శనివారం ఒక్కగానొక్క కూతురు షువాన్ పెళ్లి. విందులో పిల్ల తండ్రి లేచి నాలుగు మాటలు మాట్లాడాలి. జియెన్‌గారికి నలుగురి ముందు నోరు పెగలదు. కుట్టుమిషన్ల ఫ్యాక్టరీలో జీవితమంతా నక్షాలు గీసి రిటైరైన రోజు, సన్మానసభలో మైకు పట్టుకుని "అందరికీ" అన్నారు. తర్వాతి మాట కోసం సభ చాలాసేపు ఎదురుచూసింది. ఆయన కూర్చున్నారు. అందుకే ఈసారి తన వంతుకు యంత్రాన్ని నిలబెట్టి, షువాన్ పసితనంలో తన భుజం మీద వింటూ నిద్రపోయిన జోలపాట దానిచేత పాడించాలని నిశ్చయించుకున్నారు. పిల్లంటే ఎంత ప్రేమో చెప్పడానికి పాపం ఆయనకు అంతకంటే మార్గం తోచలేదు. కూతురి పెళ్లిలో తండ్రి ఉండగా గొట్టం మాట్లాడటమేమిటని బీహ్వా నెలరోజులుగా దెప్పుతూనే ఉంది. ఆయన భయం అది కాదు. వేలెడు మెరుపు పాడే పాట దోమ పాటలా ఉంటుంది, హాలు నిండా జనం తింటూ కబుర్లాడుతుంటే దోమ పాట ఎవరికి వినిపిస్తుంది?

లోపం కాయిల్ తలమీద ఉందని ఆయన తేల్చారు. కొనమీదున్న పిడికెడు బంతికి బదులు నున్నటి పెద్ద చుట్ట ఉంటే, కరెంటు అక్కడ బాగా పోగుపడి పొడుగ్గా దూకుతుంది. అలాంటి వస్తువు కోసం ఇల్లంతా కలయజూస్తే వంటింట్లో పొయ్యి మీది పొగను బయటికి పంపే అల్యూమినియం గొట్టం కనిపించింది. ఆయన దాన్ని ఊడదీసి గారెలా వంచారు. తల పెద్దదయ్యేసరికి పై చుట్టా కింది చుట్టా లయ తప్పాయి. కింది చుట్ట మీది క్లిప్పును కొద్దికొద్దిగా జరుపుతూ రెంటికీ మళ్లీ సయోధ్య కుదర్చడానికి మధ్యాహ్నమంతా పట్టింది. చివరగా ఎర్త్ తీగను గోడ ప్లగ్గు నుంచి తీసి రేకుల గది ఇనుప స్తంభానికి గట్టిగా బిగించారు. స్నానం సంగతి ఆయనకు గుర్తు రాలేదు.

ఇక పరీక్షించడానికి ఒక పాట కావాలి. పెళ్లికి దాచిన జోలపాటను ముందే అరగదీయడం ఇష్టం లేదు. స్వరం ఎక్కడ తప్పినా చటుక్కున తెలియాలంటే బాగా చెవికెక్కిన పాట అయ్యుండాలి. ఏళ్ల తరబడి రోజూ సాయంత్రం వింటున్న పాట ఆయనకు ఒకటే ఉంది, అది చెత్తబండి పాట. యంత్రంలోకి మొదటినుంచీ దాన్నే ఎక్కించారు. అది దోమ గొంతుతో పాడినన్నాళ్లూ ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు.

ఆ వీధిలో చెత్త నేలమీద పెట్టడానికి వీల్లేదు. బండి పాట వినగానే ఎవరి సంచి వాళ్లు పట్టుకుని పరుగెత్తి, బండి కదిలేలోపు అందులో పడేయాలి. తప్పిపోతే మర్నాటిదాకా ఆ చెత్తతో కాపురం. మర్నాడు ఆదివారమైతే బండే రాదు. అంచేత శనివారం సాయంత్రం ఆ పాట వినిపిస్తే స్నానాల గదిలో ఉన్నవాళ్లు కూడా వచ్చేస్తారు.

బండి వేళకు ఇంకా అరగంట ఉందనగా జియెన్‌గారు స్విచ్ నొక్కారు. మెరుపు జానెడు లేచింది. కాదు, జానాబెత్తెడు. వీధివైపు తలుపు తెరిచి ఉందేమో, రేకుల గది మొత్తం బాకా అయి మోగింది. సరిగ్గా అప్పుడే కింద వంటింట్లో, పొగ పోయే దారిలేక చేప మాడి, కళ్లు మండి, బీహ్వా కిటికీలన్నీ బార్లా తెరిచి ఉంది. పాట చెవిన పడగానే మాడిన చేపను సంచిలో వేసుకుని పరుగెత్తింది.

అప్పటికే మూడో అంతస్తు షుయ్ అవ్వ రెండు సంచులతో దిగిపోయింది. ఆవిడను చూసి ఎదురింటివాళ్లు, వాళ్లను చూసి పక్క సందువాళ్లు వచ్చారు. బండి ఇంత పెందలాడే రావడమేమిటని ఎవరో అడిగితే, భవన సంఘం అధ్యక్షురాలు లువో మేడమ్, వేళలు మారాయని, నోటీసు కూడా వచ్చిందని చెప్పింది. అలాంటి నోటీసేదీ ఆవిడ చూడలేదు. కానీ అధ్యక్షురాలికి తెలియని విషయం ఉందని వీధిలో అందరి ముందూ ఎలా ఒప్పుకుంటుంది?

జియెన్‌గారు పిట్టగోడ మీంచి తొంగిచూశారు. వీధి నిండా జనం. తన యంత్రం పాట వినడానికి ఇంతమంది పనులు మానుకుని వచ్చారన్న సంగతి అర్థమై ఆయన కళ్లు చెమర్చాయి. షుయ్ అవ్వ ఎండకు కంటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుంటే, అది నమస్కారమనుకుని ఈయన వంగి ప్రతినమస్కారం చేశారు. తర్వాత లోపలికెళ్లి పాట మళ్లీ మొదలుపెట్టారు, ఈసారి కరెంటు ఇంకాస్త పెంచి.

పాట గోడలకు కొట్టుకుని వెనక వీధి నుంచి వచ్చినట్టు వినిపించింది. జనం సంచులతో అక్కడికి పరుగెత్తారు. అక్కడ బండి లేదు. ఆయన మళ్లీ వాయించారు. అందరూ ముందు వీధికి వచ్చారు. జనం అటూ ఇటూ పోవడం చూసి, బాగా వినపడే చోటు కోసం వెతుక్కుంటున్నారు కాబోలని ఆయన జాలిపడి శబ్దం పెంచారు. షుయ్ అవ్వ సంచి ఒకటి చిరిగి రొయ్యల తొక్కలు లువో మేడమ్ చెప్పుల మీద పడ్డాయి. అయినా కిందికి దించకూడదు గనక అవ్వ ఆ సంచిని చంటిపిల్లలా గుండెకు హత్తుకుని నిలబడింది. బండివాడు ఆటలాడుతున్నాడని, పారిశుద్ధ్య విభాగానికి ఫోన్ చేయాలని కేకలు లేచాయి.

బీహ్వా ఒక్కతే తలెత్తి చూసింది. రేకుల గదిలో ఊదారంగు వెలుగు పాటకు తగ్గట్టు వణుకుతోంది. దాని నడుమ తన వంటింటి గొట్టం తళతళలాడుతోంది. ఆవిడ సంచితో సహా ఐదంతస్తులూ ఎక్కి, ముందు ప్లగ్గు పీకింది.

"ఏమండీ, కింద అంతమంది ఎందుకొచ్చారో తెలుసా?"

"వినడానికొచ్చారు. షుయ్ అవ్వ కూడా వచ్చింది, పాపం ఆ మోకాళ్లతో."

"వాళ్ల చేతుల్లో ఏమున్నాయో చూశారా?"

జియెన్‌గారు కళ్లజోడు సర్దుకుని చూశారు. చాలాసేపు చూశారు. ప్రతి చేతిలోనూ చెత్తసంచే.

"నువ్వెళ్లి చెప్పు బీహ్వా. నీకు మాటలొచ్చు."

"నాకొచ్చు. కానీ పాడింది నేను కాదుగా. పైగా నా చేప మాడ్చారు, నా గొట్టాన్ని గారె చేశారు. పదండి."

ఆయన మెట్లు దిగి వీధిలోకి వచ్చారు. జనం దారిచ్చి చుట్టూ మూగారు. ఆయన గొంతు సవరించుకుని "అందరికీ" అన్నారు. అక్కడ ఆగారు. బీహ్వా వెనకనుంచి వీపు మీద చెయ్యి వేసింది. తోయలేదు, ఊరికే వేసి ఉంచింది.

"అందరికీ ఏంటయ్యా?" అంది లువో మేడమ్, చెప్పు విదిలిస్తూ.

"అందరికీ క్షమాపణ. పాడింది బండి కాదండీ, నా మెషీను. మా షువాన్ పెళ్లి వచ్చే శనివారం. నేను మాట్లాడాలట. నాకు రాదు. అది పుట్టిన రోజు నా చేతిలో పెడితే ఏం చెప్పాలో తెలీక, ట్రాన్స్‌ఫార్మర్ ఎలా పనిచేస్తుందో చెప్పాను. కళ్లార్పకుండా వింది. ఇంట్లో నా మాట పూర్తిగా విన్నది అదొక్కతే. ఇప్పుడు వెళ్లిపోతోంది. వెళ్లద్దని చెప్పలేను కదా, సుఖంగా ఉండమ్మా అని చెప్పాలి. అది చెప్పబోతేనే గొంతు పట్టేస్తోంది. అందుకని మెషీను చేత చెప్పిద్దామనుకున్నా."

 షుయ్ అవ్వ సంచి పట్టుకున్న చేత్తోనే కళ్లొత్తుకుంది. ఒకసారి తెరుచుకున్న జియెన్‌గారి నోరు ఇక ఆగలేదు. షువాన్ మొదటిసారి సైకిల్ తొక్కడం, పన్ను ఊడితే దాన్ని వోల్ట్‌మీటర్‌తో కొలవమని ఏడవడం, అల్లుడు మంచివాడే గానీ ఫ్యూజు మార్చడం రాకపోవడం, ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తున్నాయి. ఇంతలో వాళ్ల వెనకగా పాట వినిపించింది. ఒక్కరూ కదలలేదు. పైన ఎవరున్నారో, ఆ మెషీను ఆపమనండని లువో మేడమ్ విసుక్కుంది.

చెత్తబండి డ్రైవరు వీధిలోకి వచ్చి వేగం తగ్గించాడు. తలలు వంచుకుని, కళ్లు తుడుచుకుంటూ ఇంతమంది ఒక పెద్దమనిషి మాటలు వింటున్నారు. ఒక్కరూ బండి వైపు తిరగలేదు. ఎవరో పోయినట్టున్నారని అతను టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, మెల్లగా ముందుకు సాగిపోయాడు.

"అది మన మెషీను కాదు. నేను ప్లగ్గు పీకేసే వచ్చాను" అంది బీహ్వా.

ఆ తర్వాత వీధి మొత్తం పరుగెత్తింది. జియెన్‌గారు షుయ్ అవ్వ సంచులు రెండూ తీసుకుని, దారంతా రొయ్యల తొక్కలు రాల్చుకుంటూ, అందరికంటే ముందు వెళ్లి పక్క వీధి మలుపులో బండికి అడ్డంగా నిలబడ్డారు. చివరి సంచి పడేదాకా డ్రైవరుతో కూడా షువాన్ గురించే మాట్లాడారు. అతను చనిపోయినది ఎవరని రెండుసార్లు అడిగాడు.

తిరిగొస్తూ లువో మేడమ్ తీర్పు చెప్పింది. భవనం మీద ఆ పాట ఇంకెప్పుడూ మోగకూడదు. ఇక విందులో తనను కూర్చోబెట్టే బల్ల, మాటలు బాగా వినిపించేంత దగ్గరలో ఉండాలి.

పెళ్లిరోజున కాయిల్‌ను తుడిచి వేదిక పక్కన పెట్టారు గానీ, జియెన్‌గారి చేతిలోంచి మైకు తీసుకోవడం ఎవరివల్లా కాక, దానికి వంతు రాలేదు.