చెంపదెబ్బకు రెండో పాదం

ఆ ఊళ్లో ఏం జరిగినా, ప్రాస కుదిరిన రెండు పాదాల పద్యం రాసి వార్డు ఆఫీసులో నమోదు చేయిస్తేనే జరిగినట్టు. పద్యం లేకుండా తాగిన కాఫీ తాగనట్టే, చేసిన స్నానం చేయనట్టే. రిటైరైన డ్రాయింగు మాస్టారొకాయన పీకించుకున్న పన్నుకి ప్రాస దొరక్క, లేని పన్నును రోజూ తోముకుంటున్నాడు. జనం అలవాటు పడ్డారు. దేనికి పడలేదు గనక!

మిషను కుట్టే సత్యవేణి ఓ సోమవారం కౌంటరు దగ్గర నిలబడింది. భర్త గణేశ్వరరావు తనను కొట్టినట్టు నకలు దొరికితే పెద్దమనుషులకు చూపించి, తునిలో అక్క దగ్గరికి వెళ్లిపోవాలని ఆమె ఆశ. చెంప ఇంకా వాచే ఉంది గానీ, చెంప సాక్ష్యం చెల్లదు.

గుమస్తా పద్మనాభం కాగితం చదివాడు. 'కూరలో ఉప్పు తక్కువని చెంప మీద కొట్టాడు.'

"రోజూ జరిగేదేనాండీ?"

"రోజూనండి."

"అయితే దినచర్య కిందకొస్తది, ఇబ్బంది లేదు. మరి రెండో లైనేదమ్మా?"

"రెండోది లేదండి. కొట్టాడు, అంతే."

పద్మనాభం మంచివాడు. ఆడకూతురిని ఉత్త చేతులతో పంపడం ఇష్టంలేక, తనే కలం తీసి కింద రాశాడు. 'కొసరి కొసరి కంచంలో పెరుగన్నం పెట్టాడు.'

"ఆయనేం పెట్టలేదండి బాబూ!"

"రాస్తే పెట్టినట్టేనమ్మా. అది కొట్టేస్తే పైది కూడా కొట్టేయాలి మరి."

సత్యవేణి సంతకం పెట్టింది.

పెద్దమనుషులు నకలు చదివి మురిసిపోయారు. పెరుగన్నం పెట్టే మొగుణ్ని వదిలేస్తావా తల్లీ అని మెత్తగా మందలించి, ఇంటికి పంపారు. ఆ ఏడు ఉత్తమ సంసార పద్యంగా దాన్ని పురపాలక సంఘం క్యాలెండరు మీద అచ్చు వేశారు. గణేశ్వరరావు రెండు క్యాలెండర్లు తెచ్చి, ఒకటి వంటింట్లో తగిలించాడు. వచ్చినవాళ్లందరికీ భార్య చేత చదివించేవాడు. సత్యవేణికి ఏడుపొచ్చేది. ఏడిస్తే దానికీ పద్యం రాయాలి గనక మానేసేది.

ఓ మధ్యాహ్నం పక్కింటి నూకరత్నం మోచేతికి పసుపు అద్దుకుని వచ్చింది.

"మా ఆయన మెట్ల మీంచి నెట్టాడే. రెండో లైను రావట్లేదు. నీకైతే చెయ్యి తిరిగిందని..."

సత్యవేణి మిషను ఆపింది.

"పడబోతే చెయ్యి పట్టాడని రాసుకో వదినా."

"పట్టలేదే!"

"రాస్తే పట్టినట్టే."

నూకరత్నం గడప మీదే కూర్చుని, మోచెయ్యి నొప్పెడుతున్నా గుండ్రంగా రాసుకుంది. చదువుకుంటే బాగానే అనిపించింది. వెళ్లేటప్పుడు, ఎదురింటావిడక్కూడా ఒకటి కావాలట, పంపనా అని అడిగింది. పంపమంది సత్యవేణి.