నూట రెండు అడుగుల రెక్క

శనివారం పొద్దున డ్రాయింగు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి బడికి వెళ్ళాలి. తమ జట్టు గదిలోకి వెళ్ళి, నేలమీద సున్నంతో గీసి ఉన్న మూడు విమానాల చుట్టూ తిరిగి, అవి అక్కడ పడతాయో లేదో తేల్చాలి. తొమ్మిదింటికి పిల్లల ఆటల పోటీలు మొదలయ్యేలోపు ఎవరి కంటా పడకుండా ఇల్లు చేరాలి.

ఆయన ఆ బళ్ళోనే ముప్పై ఏళ్ళు బొమ్మలు నేర్పి దిగిపోయిన మనిషి. దిగిపోయాక పొద్దుపోక గిలగిల్లాడుతుంటే పళ్ళ డాక్టరూ, దర్జీ అక్కా తోడయ్యారు. ముగ్గురిదీ ఒకటే పిచ్చి. పెద్దపెద్ద విమానాలకీ ఓడలకీ ప్లాస్టిక్ ముక్కలతో చిన్న నమూనాలు కట్టడం. ఏటా ఒక అంశం అనుకుని, కలిసి కూర్చుని, తలా ఒకటి కడతారు. ఈ ఏటి అంశం 'పెద్ద బ్రిటిష్‌వి'. అంతవరకూ ముగ్గురిదీ ఒకే మాట. ఏ పెద్దది అన్న దగ్గరే మూడు వారాలుగా బండి కదలడం లేదు.

డాక్టరు నాలుగు ఇంజన్ల లాంకాస్టర్ బాంబరు కావాలంటాడు. దర్జీ అక్క నీళ్ళమీద వాలే సండర్లాండ్ విమానం కావాలంటుంది.

"మీ దానికి పొట్టే ఉంది, నడుమెక్కడ?" అంటాడు డాక్టరు.

"మీ దానికి కింద సగం నలుపే. రంగు ఎంచుకునే పనే లేకపోతే ఇక కట్టడమెందుకండీ, బొగ్గు ముక్క చాలదూ?" అంటుంది అక్క.

మధ్యలో మాస్టారొక ఉపాయం చెప్పాడు. ముందు నేలమీద ముప్పై రెండో వంతు కొలతకి గీసి చూద్దాం, గదిలో ఏది ఇమిడితే దానికే ఓటు. మొదట లాంకాస్టర్. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి మూడడుగుల పైచిలుకు వస్తుంది. తలా ఒకటి కాబట్టి మూడు గీయాలి.

అయితే ఆ గదే దినదినగండంగా ఉంది. బడిలో పాత సామాను పెట్టే కొట్టుగది అది. పెద్ద మేడమ్ దయతలచి ఇచ్చింది. రంగుల కంపు ఆరో తరగతి దాకా వస్తోందని పోయిన నెలే పిలిచి చెప్పింది. "ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందంటే తాళంచెవి ఇచ్చేయండి మాస్టారూ." గది పోతే జట్టూ పోయినట్టే. మాస్టారి ఇల్లు రెండు గదులు. "ఆ విమానాలు లోపలికొస్తే నేను బయటికెళ్తాను" అని ఆయన భార్య ఎప్పుడో తేల్చేసింది.

మాస్టారికి మోకాళ్ళు వంగవు. అందుకని నిన్న సాయంత్రం, ఆటస్థలంలో గీతలు గీసే మనిషికి ఒక కాగితమూ గది తాళంచెవీ ఇచ్చాడు. ఆయన్ని అందరూ గీతలాయన అనే పిలుస్తారు. "ఇలాంటివి మూడు, పొద్దున మేం వచ్చేసరికి మా గదిలో గీసి ఉంచు" అన్నాడు. కాగితం మీద బొమ్మ ఉంది, కొలతలున్నాయి. రెక్క నూట రెండు అడుగులు, పొడవు అరవై తొమ్మిదిన్నర. ఎన్నో వంతో మాత్రం రాయలేదు. జట్టులో ఎవరూ రాయరు. నూట రెండు అన్న అంకె కనబడగానే ముగ్గురి బుర్రల్లోనూ భాగహారం దానంతటదే జరిగిపోతుంది. గీతలాయన జట్టులో మనిషి కాడు.

మాస్టారు గేటు దాటి రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఆటస్థలం లేదు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తెల్లటి విమానం ఒకటి రెక్కలు చాచి పడుకుని ఉంది.

"వచ్చారా మాస్టారూ!" గీతలాయన గది తాళంచెవి తిరిగిచ్చి, తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "తెల్లారుజామున మొదలెట్టా. ముందు మీ గదిలోనే టేపు పట్టానండీ, ముక్కు కూడా పట్టలేదు. అందుకే ఇక్కడికొచ్చా. ఇక్కడా ఒకటే పట్టింది. మిగతా రెండూ రోడ్డుమీద గీద్దామంటే బస్సులు తిరుగుతున్నాయి."

"ఒక్కసారి నన్ను అడగొచ్చు కదయ్యా!"

"అడిగితే వీడికి లెక్క రాదనుకుంటారు కదండీ."

"మరి పరుగు పందెం గీతలేవి?"

"సున్నం అయిపోయింది. ఎనిమిది బస్తాలూ రెక్కలకే చాలీచాలకుండా సరిపోయాయి."

ఇంకో గంటలో పోటీలు. ముఖ్య అతిథిగా పై అధికారి వస్తున్నాడు. మాస్టారు బకెట్టూ చీపురూ అందుకుని ఎడమ రెక్క కొస మీద నీళ్ళు కుమ్మరించాడు. తడిసిన సున్నం పాలలా పరుచుకుని, గీత ఉన్నచోట చెరువైంది.

అంతలో డాక్టరూ అక్కా వచ్చారు. తుడవడానికి చెరో చెయ్యి వేస్తారనుకున్నాడు మాస్టారు. డాక్టరు బొమ్మలోకి నడిచి, కళ్ళు చిట్లించి, "లోపలి ఇంజను రెండడుగులు బయటికి జరగాలి" అన్నాడు.

"కాగితంలో ఎలా ఉందో అలాగే గీశానండీ! డాక్టరైతే మాత్రం?" గీతలాయన టేపు విసిరికొట్టాడు.

"డాక్టరుగారన్నది నిజమే. భుజం కుట్టు సరిగ్గా కూర్చోలేదు" అంటూ అక్క మెళ్ళో వేలాడుతున్న కొలత టేపు తీసింది. పోటీలకి వచ్చిన పిల్లలు తరగతి గదుల్లోంచి సుద్దముక్కలు గుప్పిళ్ళతో తెచ్చిచ్చారు. మాస్టారు ఒక రెక్క చెరుపుతుంటే అక్క రెండో రెక్క దిద్దుతోంది. ఆయన అటు పరుగెత్తేసరికి డాక్టరు ఇటు మొదలెట్టాడు. మాస్టారికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆ తోక దగ్గరే కూలబడ్డాడు.

అక్కడి నుంచి ముక్కు వైపు చూశాడు. చూస్తూ ఉండిపోయాడు. ముక్కు దగ్గర నిలబడ్డ డాక్టరు వేలెడంత ఉన్నాడు. ఇన్నేళ్ళుగా ఇలాంటివాటిని అరచేతిలో పెట్టుకుని, ఊదితే ఎగిరిపోతాయన్నట్టు రంగులేశాడు. ఇది ఎగిరేదా! ఇంతది, ఇంతమందిని మోసుకుని, గాల్లో!

"అన్నయ్యగారూ, ఇందులో ఎంతమంది కూర్చునేవాళ్ళు?" అక్క గొంతు కూడా తగ్గింది.

"ఏడుగురు" అన్నాడు మాస్టారు. "రాత్రిపూట బయల్దేరి, బాంబులేసి, తెల్లారేసరికి తిరిగొచ్చేవాళ్ళు."

అక్క ఏడుగురు ఆడపిల్లల్ని పిలిచి ఎవరి చోట్లో వాళ్ళని నిలబెట్టింది. ముందు భాగంలో అయిదుగురు, మధ్యలో ఒకత్తి. ఏడో పిల్ల తోక చివర, మాస్టారి పక్కన. ఆ పిల్ల ముక్కు వైపు చూసి గట్టిగా అరిచింది.

"అక్కా! నేనొక్కదాన్నేనా ఇక్కడ?"

"ఒక్కదానివే."

"రాత్రంతానా?"

పిల్లలు గీతలు తొక్కకుండా పక్కకి జరిగారు.

మాస్టారు తలెత్తేసరికి గేటు దగ్గర పై అధికారీ, పెద్ద మేడమూ నిలబడి ఉన్నారు. ఎంతసేపయిందో తెలియదు. అధికారి విమానం చుట్టూ ఒక చుట్టు నడిచాడు. ఆయనా గీత తొక్కలేదు. మేడమ్ తిన్నగా మాస్టారి దగ్గరికొచ్చింది.

"గది తాళంచెవి ఇవ్వండి."

మాస్టారు జేబులోంచి తీసి ఇచ్చాడు. మేడమ్ ఆ చెవిని గుత్తికి తగిలించి, గుత్తిలోంచి ఇంకోటి, పెద్దది, ఊడదీసి ఆయన చేతిలో పెట్టింది.

"సైన్సు హాలు ఖాళీగానే ఉంది. ఇంత పెద్దవాటితో ఆ కొట్టుగదిలో ఎలా నెట్టుకొచ్చారండీ ఇన్నాళ్ళూ? నేను చిన్న బొమ్మలనుకున్నాను." తర్వాత పిల్లల వైపు తిరిగింది. "పరుగు పందెం ఈ విమానం చుట్టూ. రెక్క దాటి అడ్డంగా వచ్చినవాళ్ళు ఔట్!"

మాస్టారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సున్నం ఘాటని చెప్పి తుడుచుకున్నాడు.

"సార్ ముచ్చట పడ్డారు. ఏటా పోటీలరోజు ఒకటి ఇలాగే, నిజం కొలతకి గీయాలిట" అంది మేడమ్. "వచ్చే ఏడు ఏది?"

డాక్టరూ అక్కా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూడు వారాలుగా ఒక్క మాట మీదికి రానివాళ్ళు. ఇంతది చూశాక రెండు విమానాలూ వాళ్ళ కళ్ళకి ఆనడం లేదు.

"యుద్ధనౌక మేడమ్!" అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో. "బ్రిటిష్‌దే. ఎనిమిది వందల అరవై అడుగులు."

గీతలాయన గ్రౌండు వంక చూసి లెక్కేశాడు. "ఇది నూట ముప్పైయేనండీ. మిగతాది గోడ అవతలికి పోనివ్వాలి."

గోడ అవతల మొదటి ఇల్లు పెద్ద మేడమ్‌దే.