తొడుగు తీసి, తొడుగు తోసి

ఒక పెద్ద అడవిలో, పాచి పట్టిన కుంటగట్టున జరిగిన సంగతి ఇది. మొదట చెప్పింది నీటికాకి. దానికి తాబేలు కూర్మయ్యంటే పడదు గనక, అది చెప్పినదాంట్లో సగమే ఇక్కడ ఉంది.

జంతువుల కలుగులకు సరుకులు చేరవేసే ఆఫీసుకు కూర్మయ్య అధ్యక్షుడు. అక్షరాలు కూడబలుక్కుని చదువుతాడు. ఆ సంగతి ఎవరికీ తెలియదని అతని నమ్మకం.

ఒకరోజు కప్ప టీచరమ్మ సభలో లేచింది.

"ఈ ఆకుపచ్చ పాచిని చూసి పని నేర్చుకుందాం. దాని ఒక్కో కణంలోనూ సరుకు బుడగల్లో పోతుంది. బుడగకు తొడుగు వేసే ప్రోటీన్లు వేరు, దారి చూపేవి వేరు, గుమ్మం దగ్గర కొక్కేనికి కొక్కెం తగిలించేవి వేరు. బుడగ కొక్కెం తొడుగు కింద ఉంటుంది. అందుకని గుమ్మం దగ్గర..."

"చాలమ్మా, రాసివ్వు. చదువుకోలేననుకున్నావా?" అన్నాడు కూర్మయ్య. పోయినేడు అతను 'అధ్యక్షుడు'ను 'అద్దెచ్చుడు' అంటే ఆమె అందరి ముందూ దిద్దింది. ఆ మంట ఇంకా ఆరలేదు.

ఆమె రాసిచ్చిన కాగితంలో 'మన మూటలకూ కొక్కెం పెట్టి, పైన తొడుగు వేసి, గుమ్మం దగ్గర తొడుగు తీసి లోపలికి పంపాలి' అని ఉంది. కూర్మయ్య దాన్ని 'తోసి' అని చదివి, హుకుం జారీ చేశాడు: "తొడుగు తోసి పంపాలి. తీసినవాడి ఉద్యోగం తీసేస్తా." కింద కాలిముద్ర వేశాడు.

వారం తిరక్కుండా అతనికే జ్వరం వచ్చింది. వైద్యుడు కొంగ కషాయం మూట పంపించాడు. గుమ్మం దగ్గర బంట్రోతు ఎండ్రకాయ దాన్ని దబదబా గుద్దసాగింది.

"ఏమిట్రా ఆ గోల?"

"తోస్తున్నానండీ పెద్దయ్యగారూ. తొడుగుండగా కొక్కెం పడటం లేదు."

"అయితే తొడుగు తియ్యి!"

"తీస్తే నా ఉద్యోగం తీసేస్తారు గదండీ. తమ ముద్రే ఉంది."

"నేనే చెబుతున్నా గదరా!"

"నోటిమాట చెల్లదని కూడా తమరే ముద్రేశారండీ."

మూడోరోజుకు గుమ్మానికి అడ్డంగా ఏడు మూటలు పేరుకున్నాయి. లోపల కూర్మయ్య డిప్పతో సహా వణుకుతున్నాడు.

"టీచరమ్మను పిలవమంటారా?"

"చచ్చినా పిలవను." కాసేపటికి చావు పక్కనే చతికిలబడినట్టు అనిపించింది. "సరే, పిలువు."

కప్ప వచ్చింది. నవ్వలేదు. అదే అతనికి ఎక్కువ గుచ్చుకుంది.

"అది తోసి కాదు అన్నయ్యగారూ, తీసి."

ఎండ్రకాయ తొడుగు లాగేసింది. కొక్కెం టక్కున పడింది. కషాయం లోపలికి వెళ్ళింది, ప్రాణం నిలిచింది.

కూర్మయ్య తీసిన నీతి: చదువు రాకపోవడం తప్పు కాదు, వచ్చినవాళ్ళను పక్కన ఉండనివ్వడమే తప్పు.

ఆఫీసు పుస్తకంలో 'అధ్యక్షుడికి చదువు రాక పని ఆగింది' అని కప్ప రాసి పెట్టింది. అక్కడ 'చత్వారం వల్ల' అని ఎవరైనా దిద్దిపెట్టండి బాబూ. కూర్మయ్యే దిద్దబోతే అది 'చేతకాక' అయి కూర్చుంది.